దగ్గితే గుండెపోటు ఆగుతుందా?

[తెరపై: వాట్సాప్ మెసేజ్. పైన రెండు బాణాల గుర్తు.]

నమస్తే. ఈ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే, స్పృహ తప్పడానికి 10 సెకన్లే ఉంటాయట. గట్టిగా ఊపిరి పీల్చి, రెండు సెకన్లకోసారి దగ్గుతూ ఉంటే బతుకుతారట. చివర్లో మామూలే: పది మందికి పంపండి, ఒక్క ప్రాణమైనా నిలబడుతుంది.

మా బాబాయి దీన్ని ప్రింట్ తీయించి ఫ్రిజ్ మీద అతికించుకున్నాడు. పిన్ని పోయాక ఒక్కడే ఉంటున్నాడు. కొడుకు డాలస్‌లో. "దగ్గితే పోయేదేముందిరా?" అన్నాడు.

ఏం పోతుందో చెప్తాను. ముందు ఇది ఎక్కడ పుట్టిందో చూద్దాం.

[తెరపై: పాత ఈమెయిల్ పేజీ, 1999]

వాట్సాప్ పుట్టకముందు నుంచే ఇది ఈమెయిళ్లలో తిరుగుతోంది. అప్పట్లో అమెరికాలోని రోచెస్టర్ జనరల్ హాస్పిటల్ పేరు కూడా ఉండేది. అలాంటి వ్యాసం తాము వేసినట్టు ఎక్కడా లేదని ఆ ఆసుపత్రే చెప్పింది. మన దాకా వచ్చేసరికి ఆ పేరూ రాలిపోయి "ఒక ప్రముఖ కార్డియాలజిస్టు" మిగిలాడు. అంత ప్రముఖుడికి పేరెందుకు లేదో!

[తెరపై: గుండె బొమ్మ, రక్తనాళంలో అడ్డు]

గుండెపోటు అంటే గుండె కండరానికి వెళ్లే రక్తానికి అడ్డు పడటం. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, చాలామంది తెలివిలోనే ఉంటారు. దగ్గితే ఆ అడ్డు కదలదు. గుండె ఆగిపోవడం, అంటే కార్డియాక్ అరెస్ట్, వేరే సంగతి. అందులో మనిషి సెకన్లలో కూలిపోతాడు. ఇక దగ్గేదెవరు? మెసేజ్ రాసినవాళ్లు ఈ రెండింటినీ కలిపేశారు.

అయితే ఇందులో ఒక నిజం ముక్క ఉంది. నాకు భయమంతా దానితోనే. 1976లో అమెరికా డాక్టర్లు ఒక పేపర్ ప్రచురించారు. యాంజియోగ్రామ్ చేస్తుండగా గుండె లయ తప్పిన ముగ్గురు పేషెంట్ల చేత వరసగా దగ్గించారు. వాళ్లు 24 నుంచి 39 సెకన్ల పాటు స్పృహలో ఉన్నారు. ఎక్కడ? ఆసుపత్రి టేబుల్ మీద. చుట్టూ డాక్టర్లు, కళ్లెదురుగా ఈసీజీ. ఇంట్లో ఒక్కడే ఉన్న మా బాబాయికి ఆ పేపర్‌తో పనేముంది?

కాబట్టి "రీసెర్చ్‌లో తేలింది" అనగానే ఎవరి మీద, ఎక్కడ తేలిందో అడగండి. ఫలానా రసం క్యాన్సర్ కణాలను చంపిందంటారు. చాలాసార్లు అది ల్యాబ్‌లో గాజు పళ్లెంలో ఉన్న కణాల మాట. ఆ పళ్లెంలో బ్లీచింగ్ పోసినా చస్తాయి.

[తెరపై: ఫోన్‌లో వెతుకుతున్న వేళ్లు]

వెతకడం కష్టమేం కాదు. మెసేజ్‌లోని వైద్యం పేరు పక్కన ఆ జబ్బు చూసే పెద్ద సంస్థ పేరు కొట్టండి. ఈ దగ్గు వైద్యాన్ని తాము సమర్థించడం లేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఎప్పుడో చెప్పింది. తెల్లకోటు వేసుకుని వీడియోలో చెప్పేవాళ్ల మీద అనుమానం వస్తే, దేశంలోని డాక్టర్ల పేర్ల జాబితా ఉంచే నేషనల్ మెడికల్ కమిషన్ సైట్‌లో పేరు వెతకొచ్చు. పేరు దొరికినంత మాత్రాన చెప్పిందంతా నిజమైపోదు, అది వేరే విషయం.

[తెరపై: పెద్దగా 108]

ఇప్పుడు బాబాయి ప్రశ్నకు జవాబు. దగ్గుతూ కూర్చుంటే పోయేది టైము. రక్తం అందని ప్రతి నిమిషం గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. ఛాతీ మీద బరువు పెట్టినట్టున్నా, నొప్పి చేతికో దవడకో పాకినా, చెమటలు పోసినా గ్యాస్ అని ఈనో తాగుతూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి. తలుపు గడియ తీసి కూర్చోండి. బండి తీసుకుని మీరే బయల్దేరకండి.

బాబాయి ఫ్రిజ్ మీది కాగితం చింపబోతే ఊరుకోలేదు, డబ్బులు పెట్టి ప్రింట్ తీయించానన్నాడు. దాన్నే వెనక్కి తిప్పి స్కెచ్ పెన్నుతో 108 రాశాడు. దాని కింద ఎదురింటి వాళ్ల నంబర్.