రెండు వందల ఒకటో యూనిట్

అందరికీ నమస్కారం. పర్యావరణం గురించి మాట్లాడమని మీ సంఘం కార్యదర్శి గారు పిలిచినప్పుడు నేనొక షరతు పెట్టాను: వచ్చేవాళ్లందరూ పోయిన నెల కరెంటు బిల్లు వెంట తెచ్చుకోవాలి. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి, లెక్క లేకుండా నాకు మాట రాదు. చేతుల్లో బిల్లులు కనిపిస్తున్నాయి, సంతోషం. విసనకర్రలుగా వాడుతున్నవాళ్లు కాసేపు ఆపండి, వాటితో పని ఉంది.

మన తెలంగాణలో 2022లో సవరించిన కరెంటు ధరలు చూద్దాం. నెలకు 100 దాటి, 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి వందకు యూనిట్ 3 రూపాయల 40 పైసలు, రెండో వందకు 4 రూపాయల 80 పైసలు. సరిగ్గా 200 దగ్గర ఆగారా, 820 రూపాయలు. ఇంకొక్క యూనిట్ కాలిందనుకోండి, మీ ఇల్లు పై తరగతికి వెళ్లిపోతుంది. అప్పుడు మొదటి 200 యూనిట్లకూ 5 రూపాయల 10 పైసల చొప్పున 1020, ఆ చివరి యూనిట్‌కు 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1027 రూపాయల 70 పైసలు. అంటే రెండు వందల ఒకటో యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు! స్థిర ఛార్జీలు, సుంకం వేరే. 2024 మార్చి నుంచి, 200 యూనిట్ల లోపు వాడేవాళ్లకు ఉచిత కరెంటిచ్చే గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు అందుకుంటున్న ఇళ్లయితే మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆ 200 గీత దాటిన నెలలో బిల్లు మొత్తం వాళ్ల నెత్తినే పడుతుంది.

కాబట్టి మీలో చాలామంది తగ్గించుకోవలసింది పది, ఇరవై యూనిట్లు. అవి ఎక్కడ దొరుకుతాయో వెతుకుదాం.

మా ఇంట్లో ప్రతి వేసవిలోనూ గీత దాటేవాళ్లం. నేను బల్బుల మీద పడి, ఇంటిల్లిపాదినీ చీకట్లో కూర్చోబెట్టాను. ఎల్‌ఈడీ బల్బులు ఆర్పితే మిగిలేదెంత? దొంగను పట్టింది మా ఆవిడ. ఫ్రిజ్ తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగితే, అది వెన్నపూసలోంచి వచ్చినట్టు జారి వచ్చేసింది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు వదులైపోయింది, చల్లదనమంతా వంటింట్లోకి కారిపోతోంది. రబ్బరు మార్పించి, ఫ్రిజ్‌ను గోడకు జానెడు దూరం జరిపాం. ముప్పై ఏళ్ల లెక్కల అనుభవం పది రూపాయల నోటు ముందు ఓడిపోయింది.

ఆ తర్వాత ఫ్యాన్లు. పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది, 11 యూనిట్లలో సరిపెడుతుంది. ధర ఎక్కువే, అందుకని అన్నీ ఒకేసారి మార్చకండి. ఎక్కువసేపు తిరిగే ఫ్యాను, అంటే పడకగదిది, ముందు మార్చండి. గోడ మీద డబ్బాలాంటి పాత రెగ్యులేటర్ ఉన్నవాళ్లకో మాట: వేగం తగ్గిస్తే ఖర్చూ అంతే తగ్గుతుందనుకోకండి, తగ్గించిన కరెంటులో చాలా భాగాన్ని అది వేడిగా వదిలేస్తుంది.

గీజర్ 2000 వాట్లదైతే అరగంటకు ఒక యూనిట్ మింగుతుంది. చలికాలంలో సరే. ఏప్రిల్ వచ్చాక హైదరాబాద్‌లో మిద్దె మీది ట్యాంకు నీళ్లే ఒళ్లు కాలుస్తుంటే, అలవాటు కొద్దీ ఆ స్విచ్ ఎందుకు నొక్కుతామో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఏసీ మాట రెండు ముక్కల్లో: ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం ఆదా. 24 దగ్గర పెట్టి, పైన ఫ్యాను వేసుకోండి. పై అంతస్తువాళ్లు మిద్దెకు తెల్ల సున్నం కొట్టించుకుంటే, ఏసీ కంటే ముందు ఇల్లే చల్లబడుతుంది. రాష్ట్ర ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది కూడా ఇందుకే.

ఇక నీళ్లు. గండిపేట నీళ్లు తాగినవాడు ఈ ఊరు విడిచిపోడని పాతవాళ్లు అనేవారు. 1908లో మూసీ వరద ఊరిని ముంచాక కట్టిన ఆ గండిపేట చెరువు, అంటే ఉస్మాన్‌సాగర్, 1920లో పూర్తయింది. ఆ నీళ్లు వాలుకు వాటంతట అవే నడిచి ఊళ్లోకి వచ్చేవి. ఇప్పుడు మనం తాగే కృష్ణా నీళ్లను నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా మోటార్లతో ఎత్తిపోస్తున్నారు. వాటిని మీ సంపులోంచి మళ్లీ మిద్దెకు ఎక్కించేది మీ మోటారు. ఇందాక నేను వస్తుంటే పక్క బిల్డింగ్ ట్యాంకు పొంగి గోడ వెంట నీళ్లు కారుతున్నాయి. నాకు అక్కడ కనిపించింది కరెంటు బిల్లు! ట్యాంకు నిండగానే మోటారు ఆపే ఫ్లోట్ స్విచ్ పెద్ద ఖరీదైనదేమీ కాదు. నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితమే కదా అంటారేమో. నీళ్లు ఉచితం, మోటారు కాదు.

ఆర్‌ఓ యంత్రం సంగతీ చూడండి. ఒక లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. ఆ గొట్టాన్ని బకెట్‌లో పెడితే ఇల్లు తుడవడానికి, బాత్‌రూమ్ కడగడానికి సరిపోతాయి. మొక్కలకు మాత్రం రోజూ పోయకండి, ఉప్పు పేరుకుంటుంది. అసలు మీ నల్లా నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపే ఉంటే, ఆ యంత్రం అవసరమా అన్నది ముందు తేల్చుకోండి.

వంటింటి గురించి ఇక్కడున్న ఆడవాళ్లకు నేను చెప్పేదేముంది? పప్పు నానబెట్టడం, మూత పెట్టి వండటం మీకు తెలిసినవే. మగవాళ్లకు ఒక్క మాట: స్టవ్ మంట పసుపుగా వస్తుంటే బర్నర్ రంధ్రాలు పూడుకున్నాయన్నమాట. ఆదివారం పూట దాన్ని మీరే శుభ్రం చేయండి.

పర్యావరణం పేరుతో కొత్త సామాను కొనమని చెప్పేవాళ్లంటే నాకు పడదు. వెదురు బ్రష్షులు, గాజు సీసాల వరసలు, పాతిక రకాల గుడ్డ సంచులు. ఇంట్లో ఉన్న పాత చీర చింపితే నాలుగు సంచులు కుట్టుకోవచ్చు, మిగిలిన ముక్కలతో బొంత కుట్టించుకోవచ్చు. రైతుబజారులో కూరగాయల అమ్మాయికి మీ సంచి ఏ కంపెనీదో అక్కర్లేదు.

సరే, బిల్లులు తీయండి. పైన యూనిట్ల అంకె ఉంటుంది, దాని చుట్టూ గీత గీయండి. 190కీ 230కీ మధ్య ఉన్నవాళ్లు ముందు వరసలోకి రండి, పెన్ను నా దగ్గరుంది.