అడ్డుకునేవాళ్లు కనీసం సభకైనా రావాలి

నమస్కారం. 2025 అక్టోబర్ 1 నుంచి 43 రోజులు అమెరికా ప్రభుత్వం మూతపడింది. పిల్లలు అక్కడ హెచ్‌-1బీ మీద ఉన్న మన ఇళ్లలో ఆ టెన్షన్ ఇంకా గుర్తుండే ఉంటుంది. హెచ్‌-1బీ దరఖాస్తుకు ముందు కార్మిక శాఖ ఆమోదించాల్సిన ఎల్‌సీఏల పని దాదాపు అక్టోబర్ అంతా ఆగిపోయింది. అప్పుడు అమెరికా పార్లమెంటు ఎగువ సభ సెనేట్‌లో రిపబ్లికన్లకు 53 మంది ఉన్నారు. వంద మందిలో 53 అంటే మెజారిటీయే కదా, మరి ప్రభుత్వాన్ని నడిపించే తాత్కాలిక నిధుల బిల్లు ఎందుకు గట్టెక్కలేదు?

ఎందుకంటే అక్కడ బిల్లు పాస్ కావడానికి 51 చాలు గానీ, చర్చ ముగించి దాన్ని ఓటింగ్ దాకా తేవడానికి 60 కావాలి. ఆ 60 దొరక్కుండా అడ్డుపుల్ల వేయడమే ఫిలిబస్టర్.

ఒకప్పుడు అడ్డుకోవాలంటే ఒళ్లు అలవాల్సిందే. 1957లో పౌర హక్కుల బిల్లును ఆపాలని సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ 24 గంటల 18 నిమిషాలు మాట్లాడాడు. నల్లజాతివారి హక్కులకు అడ్డుపడిన ఆ ప్రసంగం సిగ్గుచేటు, అందులో నాకు అనుమానం లేదు. కానీ అడ్డుకుంటున్నది ఎవరో, దేనికోసమో దేశమంతా చూసింది.

1964లో మరో పౌర హక్కుల బిల్లు వస్తే దక్షిణాది సెనేటర్లు మళ్లీ వారాల తరబడి సభను కదలనివ్వలేదు. జూన్ 10న చర్చ ముగించాలా వద్దా అని ఓటింగ్ పెట్టారు. కాలిఫోర్నియా సెనేటర్ క్లెయిర్ ఎంగిల్‌కు మెదడులో కణితి, మాట పడిపోయింది. వీల్‌చెయిర్‌లో సభకు తీసుకొచ్చారు. తన పేరు పిలిచినప్పుడు నోరు పెగల్లేదు. చెయ్యి ఎత్తి కన్ను చూపించాడు. ఇంగ్లీషులో కన్నుకూ 'అవును' అనే ఓటుకూ పలుకు ఒకటే కాబట్టి గుమాస్తా దాన్ని ఓటుగా రాసుకున్నాడు. 71-29తో అడ్డు తొలగింది. ఆయన ఆ జూలైలోనే చనిపోయాడు.

ఇప్పుడు చూడండి. 1975లో నిబంధన మార్చారు. అంతకుముందు సభలో ఉండి ఓటు వేసినవాళ్లలో మూడింట రెండొంతులు కావాలి, ఆ తర్వాత మొత్తం సభ్యుల్లో 60 శాతం. వినడానికి పని సులువైనట్టే ఉంటుంది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. అడ్డుకునేవాళ్లు సభకు రాకపోయినా వాళ్ల పని జరిగిపోతుంది. 59 మంది వచ్చి అవునని, ఎదురు ఒక్కరూ ఓటు వేయకపోయినా బిల్లు ముందుకు పోదు. ప్రసంగమూ అక్కర్లేదు, 'మేం ఒప్పుకోం' అని ముందే కబురు పంపితే చాలు. నా దృష్టిలో అసలు రోగం ఇదే.

ఫలితం ఎలా ఉంటుందో 2013 ఏప్రిల్‌లో చూశాం. అంతకు నాలుగు నెలల ముందు శాండీ హుక్ బడిలో 20 మంది పసిపిల్లల్నీ ఆరుగురు పెద్దల్నీ కాల్చి చంపారు. తుపాకీ కొనేవారి నేపథ్య తనిఖీని విస్తరించాలని డెమోక్రాట్ మాంచిన్, రిపబ్లికన్ టూమీ కలిసి సవరణ తెచ్చారు. 54 మంది అవునన్నారు, 46 మంది కాదన్నారు. ఓడిపోయింది. "సిగ్గుపడండి!" అని గ్యాలరీలోంచి అరుపులు వినిపించాయి.

ఈ విషయంలో ఏ పార్టీ మీదా నాకు నమ్మకం లేదు. 2017లో రెండు పార్టీల సెనేటర్లు 61 మంది ఫిలిబస్టర్‌ను కాపాడాలని లేఖ మీద సంతకాలు పెట్టారు. అందులోని డెమోక్రాట్లలో చాలామంది 2022లో ఓటు హక్కుల బిల్లు కోసం అదే నిబంధనను సడలించాలని ఓటేశారు. 2020లో రిపబ్లికన్ టిమ్ స్కాట్ తెచ్చిన పోలీసు సంస్కరణ బిల్లు ఆగింది కూడా డెమోక్రాట్ల అడ్డు వల్లే. కుర్చీ మారితే మాట మారుతోంది, బిల్లు మాత్రం అక్కడే ఉంటోంది.

ఫిలిబస్టర్‌ను పూర్తిగా ఎత్తేస్తే అధికారం మారినప్పుడల్లా చట్టాలు తలకిందులవుతాయని కొందరి భయం. ఆ భయంలో న్యాయం ఉంది, కాదనను. అందుకే నాకు నచ్చిన ప్రతిపాదన వేరు. బరువు అడ్డుకునేవాళ్ల మీదికి మార్చాలి. ముగించడానికి 60 మందిని పోగేయమని ఒక పక్షాన్ని అడిగే బదులు, కొనసాగించాలనుకునే 41 మంది సభలోకి రావాలి, అర్ధరాత్రి ఓటింగ్ పెట్టినా సరే. నలభై మందే వస్తే చర్చ అయిపోయినట్టే, ఇక బిల్లు మీద ఓటు వేయాల్సిందే.