అడినాయిడ్స్ తీయించే ముందు అంగిలి చూపించండి

వ్యాఖ్యాత: నరసరావుపేట నుంచి ఒక తల్లి లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం డాక్టరు గారూ. మా బాబుకి ఐదేళ్లు. మాటంతా ముక్కుతోనే వస్తుంది. 'పాలు' అనమంటే 'మాలు' అంటాడు. బళ్లో వెక్కిరిస్తున్నారని వెళ్లనంటున్నాడు. ముక్కు వెనక అడినాయిడ్స్ అనే మెత్తటి కండ పెరిగిందట, వచ్చే వారం ఆపరేషన్ అన్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.

డాక్టర్: అడినాయిడ్స్‌తో ముక్కు మూసుకుపోతే 'అమ్మ' కాస్తా 'అబ్బ'లా వినిపిస్తుందమ్మా. మీ వాడిది తారుమారుగా ఉంది. చంటివాడప్పుడు పాలు ముక్కులోంచి వచ్చేవా?

శ్రోత: వచ్చేవండీ. నా భుజం మీద తువ్వాలు ఎప్పుడూ తడిసే ఉండేది. చెవిలో చీము కూడా మాటిమాటికీ.

డాక్టర్: బాబు పక్కనే ఉన్నాడా? మీ వారి ఫోన్ టార్చ్ వేసి, 'ఆ' అనిపించండి. కొండనాలుక చూడండి.

శ్రోత: (కాసేపాగి) అయ్యో... చివర రెండు పాయలుగా ఉందండీ!

డాక్టర్: కంగారు పడకండి. అలా ఉన్నా ఏ ఇబ్బందీ లేనివాళ్లు చాలామంది. కానీ మీరు చెప్పినవన్నీ కలిపితే సబ్‌మ్యూకస్ క్లెఫ్ట్ అనే అనుమానం వస్తోంది. అంగిలి పైపొర అతుక్కునే ఉంటుంది, లోపలి కండరాలే మధ్యలో కలవవు. అంగిలి నడిమధ్య నీలంగా పల్చగా కనిపించడం, గట్టి అంగిలి చివర వేలికి నొక్కు తగలడం కూడా దీని గుర్తులే. కాల్నన్ అనే సర్జన్ 1954లోనే రాశారు. కొందరిలో అవీ కనపడవు. ముక్కులోంచి సన్నటి కెమెరా వేసి, మాట్లాడిస్తూ చూడాలి.

శ్రోత: మరి వచ్చే వారం ఆపరేషన్?

డాక్టర్: ఇది తేలేదాకా ఆపమని అడగండి. మాట్లాడేటప్పుడు అంగిలి లేచి ముక్కుదారి మూయాలి. సరిగా లేవని అంగిలికి ఆ అడినాయిడ్సే ఆసరా. తీసేస్తే సందు పెరిగి, మాట ఇంకా ముక్కులోకి పోవచ్చు.

శ్రోత: గ్రహణం రోజు నేను బయట తిరిగానని మా అత్తగారు...

డాక్టర్: గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు తల్లీ. మీ తప్పు ఒక్కటీ లేదు. వాడిది బద్ధకమూ కాదు, ఎవరూ కసరకండి.

వ్యాఖ్యాత: వైద్యం ఏమిటి డాక్టరు గారూ?

డాక్టర్: మాట బాగుంటే అసలు ఆపరేషనే అక్కర్లేదు. ఇలా ముక్కులోకి పోతుంటే, పక్కకు తిరిగిన కండరాలను సరిచేసి కుడతారు. ఫర్లో పద్ధతి అందులో ఒకటి. ఆ తర్వాత స్పీచ్ థెరపీ. బెలూన్లు ఊదిస్తే సందు మూసుకోదు. కర్ణభేరి వెనకాల నీరు చేరి వినికిడి తగ్గే అవకాశముంది కాబట్టి ఆ పరీక్షా చేయించాలి. బడికొచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) డాక్టర్లకు చెబితే, జిల్లా కేంద్రానికి పంపిస్తారు, ఖర్చుండదు.

శ్రోత: రేపే ఫోన్ చేస్తానండీ.

డాక్టర్: ఈ రాత్రి వాడితో 'పాప', 'కాకి', 'బాబు' అనిపించి రికార్డ్ చేసుకోండి. కొత్తవాళ్ల ముందు పిల్లలు నోరు విప్పరు. ఆ రికార్డే డాక్టర్‌కు వినిపించండి.