మాల తీసిన సాయంత్రం

(బెంగళూరులో తెలుగువారి ఆదివారం సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. నేను ఈ ఊళ్లోనే ఒక డీ-అడిక్షన్ వార్డులో డాక్టరుని. కార్తీకమాసం వస్తోందంటే మా వార్డులో టెన్షన్ మొదలవుతుంది. ఎందుకో చెబుతాను.

పోయినేడు నవంబరులో ఒక సెంట్రింగ్ మేస్త్రీని ఫిట్స్‌తో తీసుకొచ్చారు. మదనపల్లె వైపు మనిషి, హెబ్బాళ దగ్గర షెడ్డులో కాపురం, ఇరవై ఏళ్ల తాగుడు. అయ్యప్ప మాల వేసుకుని ఆ పొద్దే మందు మానేశాడు. రెండో రాత్రికి చేతులు వణికాయి. గోడంతా చీమలు పాకుతున్నాయన్నాడు. తెల్లవారుజామున ఫిట్స్. భార్య ఆయన తల ఒళ్లో పెట్టుకుని ఆటోలో తీసుకొచ్చింది, ఆయన నల్లపంచె చెమటకు తడిసి ముద్దయిపోయింది.

రోజూ గట్టిగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. మాల వేసే ముందే డాక్టరుకు చూపించండి, మాత్రలతో ఒంటిని కుదురు చేస్తాం. ఈ ఒక్క మాట ఇంటింటికీ చేరినా నాకు చాలు.

మేస్త్రీ బతికాడు. దీక్ష పూర్తయ్యేదాకా చుక్క ముట్టలేదు. శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన సాయంత్రమే మళ్లీ తాగాడు. ఆయన భార్య నన్నడిగింది: "సార్, నలభై దినాలు ఉండినోడు ఒక్క దినం ఎందుకు ఉండలేకపోయినాడు?"

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. మాలలో ఉన్నన్నాళ్లూ అందరూ స్వామీ అని పిలిచారు. తోటి పనివాళ్లు రమ్మని పిలవలేదు. కాంట్రాక్టరు శనివారం కూలితోపాటు క్వార్టరు చేతిలో పెట్టలేదు. మాల తీశాక అవన్నీ తిరిగొచ్చాయి. షెడ్డు దగ్గరి వైన్ షాపు ఎలాగూ ఉంది. అక్కడ తొంభై మిల్లీ టెట్రా ప్యాకెట్టు పిల్లల జ్యూస్ ప్యాకెట్టులా జేబులో పడుతుంది, ఒక పూట భోజనం ఖర్చుకే వస్తుంది. మనసు గట్టిగా లేదని అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఈ సంగతి పట్టుకున్నారు. ఇంట్లో తాగొచ్చినవాడితో పోట్లాడటం ఆపి నేరుగా సారా దుకాణం మీదికి వెళ్లారు. మరుసటేడు రాష్ట్రంలో సారా నిషేధించారు. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం మాత్రం 1997కే పోయింది, పక్క రాష్ట్రాల సీసాలు ఆగలేదు. కర్ణాటక కూడా 2007లో సారాయి ఆపింది. తాగేవాళ్లు చీప్ విస్కీకి మారారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచమంతటా మద్యం వల్ల 26 లక్షల మంది చనిపోయారు. ఆ సంస్థ దేశాలకు చెప్పేదీ దూబగుంట మాటే: ధర పెంచండి, దుకాణాలూ వేళలూ తగ్గించండి, ప్రకటనలు ఆపండి. లిథువేనియా 2018లో కొనే వయసును 18 నుంచి 20కి పెంచి, వేళలు కుదించి, ప్రకటనలు నిషేధించింది.

స్కాట్లాండ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎంత ఆల్కహాల్ ఉందో దాన్నిబట్టి కనీస ధర పెడుతూ 2012లో చట్టం చేశారు. విస్కీ కంపెనీలు కోర్టుకెళ్లాయి. ఆరేళ్లు పోరాడి, 2018 మే 1 నుంచి అమలు చేశారు: యూనిట్‌కు, అంటే పది మిల్లీ అసలు ఆల్కహాల్‌కు, 50 పెన్స్, అంతకన్నా చవగ్గా అమ్మకూడదు. ఆ ధర లేని ఇంగ్లండ్‌తో పోల్చి చూశారు. అమ్మకాలు తగ్గింది 3 శాతమే. నేరుగా మద్యం వల్ల వచ్చే మరణాలు మాత్రం 13 శాతం దాకా తగ్గాయి, అదీ ఎక్కువగా పేదల వాడల్లో. 2024లో ఆ ధరను 65 పెన్స్ చేశారు. ఎక్కువ చవక సరుకు తాగేవాడికే ఎక్కువ మేలు జరిగింది, మా మేస్త్రీలాంటి వాడికి.

ధర పెంచితే కల్తీసారా తాగుతారు కదా అంటారు. ఆ భయం నాకూ ఉంది. 2024లో తమిళనాడు కళ్లకురిచ్చిలో మిథనాల్ అనే విషం కలిసిన సారా 60 మందికి పైగా ప్రాణాలు తీసింది. అయితే అక్కడ ప్రభుత్వ మద్యం దుకాణాలు మూసేసి లేవు. కల్తీని పట్టుకోవడం వేరే పని, అదీ చేయాల్సిందే. అసలు అడ్డంకి ఖజానా. మద్యం జీఎస్టీలో లేదు, ఎక్సైజ్ సొమ్ము రాష్ట్రాలకు పెద్ద ఆదాయం. ఆస్పత్రి బెడ్డు ఖర్చు, పోయిన కూలి, ఆగిన పిల్లల చదువు ఆ లెక్కలో ఎవరూ వేయరు. వేయమని మనం అడగాలి.

ఈ హాల్లో కాంట్రాక్టర్లు చాలామంది ఉన్నారు. అన్నా, దయచేసి కూలితో క్వార్టరు ఇవ్వకండి. సాయం కావాలంటే 14446కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

మేస్త్రీ మళ్లీ మా దగ్గరే ఉన్నాడు. వచ్చే వారం ఇంటికి పంపుతాం. ఆయన భార్య ఈమధ్య వేరే షెడ్డు చూసుకుంది. అక్కడి నుంచి షాపుకు ఎంత దూరమో నడిచి చూసి వచ్చింది. "పది నిమిషాలు, సార్," అంది.