గుల్లను కాల్చకండి

అందరికీ నమస్కారం. ఈ సంచీలో ఏముందో ముందు వరుసలోని వారికి వాసనను బట్టే తెలిసిపోయి ఉంటుంది. కాకినాడలో మాంసం తీసేసి పారబోసిన గుల్లలు. మూడుసార్లు కడిగాను, అయినా వదలలేదు.

గుల్ల అనగానే మనకు సున్నం గుర్తొస్తుంది. బట్టీలో బొగ్గు ఒక వరుస, గుల్ల ఒక వరుస పేర్చి కాల్చడం మన దగ్గర పాత విద్యే. చిప్పలో దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. అది 100 కిలోలు పూర్తిగా కాలితే 56 కిలోల సున్నం చేతికొస్తుంది, మిగతా 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తాయి. బొగ్గు పొగ దీనికి అదనం.

కాల్చకుండా, ఇంట్లోకి వేడి, చెమ్మ రాకుండా ఆపడానికి వాడదాం అంటున్నాను. తెలుగులో గుల్ల అంటే చిప్ప, గుల్ల అంటే బోలు కూడా. ఇంటికి పనికొచ్చేది ఆ రెండో గుల్లే. విడిగా చూస్తే చిప్ప రాయిలాంటిది, వేడిని ఆపలేదు. అదే డబ్బాలో పోసి చూడండి: ఒక వంపు ఇంకో వంపుకు అతకదు, మధ్యలో గాలి చిక్కుకుంటుంది. కదలని గాలిని దాటడం వేడికి కష్టం. తాటాకు ఇంటి చల్లదనంలోనూ ఉన్నది ఈ కిటుకే. అందుకే చిప్పను పొడి చేయకూడదు. పొడి సందులన్నీ పూడ్చేస్తుంది, జల్లెడ పట్టి తీసేయాలి.

నెదర్లాండ్స్‌లో ఇంటి నేల కింద చిప్పలు పరుస్తారు. వాళ్ల బాధ చలి, మన బాధ చెమ్మ. వానాకాలం కోనసీమలో కాస్త తవ్వితే నీరు ఊరుతుంది. ఆ తడి మట్టిలోని సన్నని సందుల గుండా ఎగబాకి గోడ అడుగున ఉప్పు పూయిస్తుంది, పెచ్చులు రాలుస్తుంది. చిప్పల మధ్య సందులు పెద్దవి కాబట్టి తడి అంత సులువుగా ఎక్కలేదు. నన్నడిగితే మొదలు పెట్టవలసింది నేల కిందే. డాబా మీద పరుస్తామంటారా, అది బరువు. శ్లాబు మోస్తుందో లేదో ఇంజినీరు తేల్చకుండా ఒక్క తట్ట కూడా పైకెత్తకండి. అంతవరకు డాబాకు తెల్లసున్నం పూయండి. కాల్చవద్దన్నవాడే సున్నం పూయమంటున్నాడని నవ్వకండి, పూతకు పట్టేది కొంచెమే.

ఇక వాసన సంగతి. మొదటిసారి మా పెరటి గదిలో కడగకుండానే పరిచాను. వారం తిరిగేసరికి చీమలు, ఈగలు. మా అమ్మ ఆ వైపు రావడమే మానేసింది. మాంసం ముక్క మిగిలితే కుళ్లుతుంది, ఉప్పు మిగిలితే చెమ్మను లాగుతుంది. మంచినీటితో కడిగి ఎండబెట్టాలి. ఒక వానాకాలమంతా ఆరుబయట కుప్పగా వదిలేస్తే ఉప్పు చాలావరకు వానే కడిగిపెడుతుంది.

ఒక్క మాట. తిని పారేసినవే వాడండి. కోరింగ వైపు పడవలేసుకుని వెళ్లి నీటి అడుగున ఉన్నవి తోడుకురావద్దు. ఆల్చిప్పల పిల్లలు అంటుకుని పెరిగేది ఆ పాత చిప్పల మీదే.

సంచీ ఈ బల్ల మీదే ఉంచుతాను, చేయి పెట్టి చూడండి. అంచులు పదును, జాగ్రత్త.