యువతరం, వార్త, నమ్మకం

అధ్యక్షులకు, సభలోని పెద్దలకు, విద్యార్థి మిత్రులకు నమస్కారం.

యువతకు వార్తలపై ఆసక్తి పోయిందన్న మాటతో నేను ఏకీభవించను. వారికి సడలింది ఆసక్తి కాదు, వార్తను అందించే సంస్థ పేరు మీద ఉన్న గురి. టిక్‌టాక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్‌లలో వార్తలు చూసేవారు పాత్రికేయులకన్నా ప్రముఖులు, ఇన్‌ఫ్లుయెన్సర్లు చెప్పేదే ఎక్కువగా ఆలకిస్తున్నారని, పాత్రికేయ రంగాన్ని అధ్యయనం చేసే రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ 2023 నివేదిక తెలిపింది. పత్రిక పేరు చూసి నమ్మిన తరం మాది. ఎదుట కనబడి మాట్లాడే మనిషిని నమ్మే తరం మీది.

దీనికి మా పాత్రికేయ వృత్తి బాధ్యత కూడా ఉంది. 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసుల చేతుల్లో మరణించినప్పుడు, పోలీసుల తొలి ప్రకటన ఆయన అస్వస్థతకు లోనయ్యారని చెప్పిందే తప్ప, ఒక పోలీసు అధికారి ఆయన మెడపై నొక్కిపెట్టిన మోకాలి ఊసే ఎత్తలేదు. 17 ఏళ్ల డార్నెల్లా ఫ్రేజియర్ తన ఫోన్‌లో తీసిన వీడియో నిజాన్ని బయటపెట్టింది. 2021లో అమెరికాలో పాత్రికేయ పురస్కారాలిచ్చే పులిట్జర్ బోర్డు ఆమెకు ప్రత్యేక ప్రశంస ప్రకటించింది. అధికారులు ఇచ్చిన ప్రకటనను ఉన్నదున్నట్టు అచ్చువేయడమే పాత్రికేయమైతే, అది మాకెందుకని మీరు అడగడం న్యాయమే. కానీ ఆ వీడియోకు ముందు ఏం జరిగిందో, ఆ అధికారిపై పాత ఫిర్యాదులు ఏమున్నాయో, శవపరీక్ష ఏం తేల్చిందో తెలియాలంటే, దస్త్రాలు తిరగేసి, పదిమందిని కలిసి, చెప్పినదాన్ని మళ్లీ సరిచూసుకునే వారొకరు ఉండాలి.

ఆ సరిచూసుకోవడం చదువుతో దానంతటదే అబ్బేది కాదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చరిత్రలో డాక్టరేట్ పొందినవారిని, తమ విశ్వవిద్యాలయ విద్యార్థులను, వృత్తిరీత్యా ఫ్యాక్ట్‌చెకింగ్, అంటే నిజానిజాల తనిఖీ, చేసేవారిని కూర్చోబెట్టి, కొన్ని వెబ్‌సైట్లను అంచనా వేయమన్నారు. మొదటి రెండు వర్గాలవారిలో చాలామంది సంస్థ పేరును, లోగోను, పేజీ హుందాతనాన్ని చూసి మోసపోయారు. ఫ్యాక్ట్‌చెకర్లు మాత్రం ఆ పేజీని కాసేపు పక్కనపెట్టి, దాని వెనుక ఎవరున్నారో ఇతరులు ఏమంటున్నారో వెతికి, తక్కువ సమయంలోనే అసలు సంగతి పట్టుకున్నారు. 2017లో వెలువడిన ఈ అధ్యయనం నన్ను చాలా ఆలోచింపజేసింది, ఎందుకంటే ఇందులో తడబడినవారు కుర్రవాళ్లు మాత్రమే కాదు.

కాబట్టి నా తోటి పాత్రికేయులను ఒకటి కోరుతున్నాను. ఈ విషయం మనకెలా తెలిసింది, ఎవరిని అడిగాం, ఎవరు జవాబివ్వలేదు అన్నది వార్తలోనే చెబుదాం. తప్పు మొదటి పేజీలో జరిగితే సవరణను కూడా మొదటి పేజీలోనే వేద్దాం. మిత్రులారా, వీడియోలతో వార్తలు చెప్పే మీలో ఎవరైనా పొరబడితే, దాన్ని చడీచప్పుడు లేకుండా తొలగించకండి. ఎక్కడ పొరబడ్డారో అదే వీక్షకులకు, అదే గొంతుతో చెప్పండి.