పిట్టగోడను ఎక్కణ్నుంచి కొలవాలి?

(ప్రధానోపాధ్యాయుల సమావేశంలో ఒక రిటైర్డ్ ఇంజనీరు ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బడి డాబా మీంచి పిల్లవాడు పడ్డాడని వార్త వస్తే ముందుగా వినపడే మాట "ఒట్టి అల్లరి పిల్లాడండీ" అని. నేను భవనాలు కట్టించినవాణ్ని, నాకు ముందు గోడ గుర్తొస్తుంది. బంతి పడిందనో, గాలిపటం చిక్కుకుందనో పిల్లలు ఎక్కుతారు. ఒక్కోసారి మనమే పంపుతాం, "ఒరేయ్, ట్యాంకు నిండిందేమో చూసి రారా" అని. దాన్నీ అల్లరి ఖాతాలోనే వేద్దామా?

పిట్టగోడ కనీసం మీటరు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. ఆ మీటరు ఊరికే పెట్టలేదు. నిలబడ్డ మనిషి బరువంతా ఇంచుమించు బొడ్డు దగ్గర కేంద్రీకృతమై ఉంటుంది. గోడ అంతకంటే ఎత్తుంటే తూలినా ఆపుతుంది. తక్కువుంటే అదే గోడ తొడలకు అడ్డం తగిలి మనిషిని అవతలికి దొర్లిస్తుంది. తొమ్మిదో తరగతి కుర్రాడికి ఆ చోటు దాదాపు 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే మీటరు గోడలో మనకు మిగిలింది బెత్తెడు.

ఆ బెత్తెడు ఎలా పోతుందో చూడండి. డాబా కురుస్తోందని పైన ఇంకో పొర వేయిస్తాం, రెండంగుళాలు పోయాయి. విరిగిన బెంచీలు గోడ వారగా పేరుస్తాం. ట్యాంకు పైపు గోడ పక్క నుంచే అడుగు ఎత్తులో వెళ్తుంది. దాని మీద కాలు పెట్టి కిందికి తొంగిచూస్తే మీటరు గోడ కాస్తా 70 సెంటీమీటర్లే. కాబట్టి టేపు నేల మీంచి పట్టకండి, పిల్లవాడి పాదం ఎక్కడ ఆనుతుందో అక్కణ్నుంచి పట్టండి. అడ్డకడ్డీల రెయిలింగైతే మనమే నిచ్చెన వేసి ఇచ్చినట్టు. నిలువు కడ్డీలే పెట్టించండి.

ఇక అసలు గోడే లేని డాబాలు. "పై అంతస్తు శాంక్షనయ్యాక కడదాంలే" అంటారు. పిల్లర్ ఊచలు తుప్పుపట్టి వంగిపోతాయి గానీ శాంక్షన్ రాదు. ఈ విషయంలో మా ఇంజనీర్ల తప్పే ఎక్కువ.

రేకుల షెడ్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. వంట షెడ్డుకి వెలుతురు కోసం సిమెంటు రేకుల మధ్య ఒక ఫైబర్ రేకు వేస్తారు. కొన్నేళ్లు ఎండకు ఎండి, దుమ్ము పట్టాక పైనుంచి చూస్తే రెండూ ఒకే రంగు. బంతి కోసం ఎక్కినవాడికి తేడా తెలీదు, ఫైబర్ రేకు మీద కాలేస్తే అది పగిలి కింద పడతాడు. నిజానికి పాత సిమెంటు రేకునీ నమ్మడానికి లేదు. వెలుతురు కోసం పెట్టిన కప్పు పగిలి ప్రాణం పోవడం రేకుల షెడ్లలోనే కాదు. 2008 జూన్‌లో జపాన్ రాజధాని టోక్యోలోని సుగినామి వార్డులో, ఒక ప్రాథమిక పాఠశాలలో లెక్కల క్లాసు డాబా మీద జరిగింది. క్లాసు అయ్యాక ఆరో తరగతి బాలుడు వెలుతురు కోసం పెట్టిన గుమ్మటం లాంటి కప్పు మీదికెక్కాడు. అది పగిలింది. అడుగు అంతస్తు దాకా పడిపోయి చనిపోయాడు. దొంగచాటుగా ఎక్కిన డాబా కాదది, పాఠం కోసం టీచరు తీసుకెళ్లింది. ఆ గుమ్మటం చుట్టూ కంచె ఉంటే పిల్లవాడు బతికేవాడు.

తాళం వేస్తే సరిపోదా అంటారు. డాబా తలుపుకు వేయండి, తాళంచెవి ఇద్దరి దగ్గరే ఉంచండి. కానీ అదే ఊపులో మెట్ల దగ్గర గ్రిల్‌కు కూడా బడివేళ తాళం వేసేస్తుంటారు, అది ప్రాణాల మీదికి తెస్తుంది. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణం బడిలో మంటలు లేస్తే 94 మంది పిల్లలు బయటపడలేక చనిపోయారు. ఆ దుర్ఘటన తర్వాత వేసిన పిటిషన్ మీదే 2009లో సుప్రీంకోర్టు బడి భవనాల భద్రతపై ఆదేశాలిచ్చింది. పైకెళ్లే దారి మూయండి, కిందికి దిగే దారి మాత్రం ఎప్పుడూ తెరిచే ఉండాలి.

గోడ ఎత్తు పెంచడానికి నిధులు వచ్చేలోపు బెంచీలు తీయించడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. భోజనాలయ్యాక ఈ బడి డాబా మీదికే వెళ్దాం, టేపు నా దగ్గరుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద నిలబడి ఆ వంట షెడ్డులో ఫైబర్ రేకులెన్నో లెక్కపెట్టండి.